‘వచ్చాడు’, ‘వచ్చేశాడు’: సిపాయి బొమ్మలకు ఏ మాట?

ప్రశ్న: విశాఖపట్నంలో మా పాఠశాలలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు పత్రికల ముఖచిత్రాల ప్రదర్శన పెడుతున్నాం. అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ బొమ్మలు రెండున్నాయి. రెండింటి కిందా ‘ఇంటికి వచ్చిన సిపాయి’ అని రాస్తే చాలదా?

జవాబు: చాలదండీ. మొదటిది అమెరికా వారపత్రిక ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ 1941 నవంబరు 29 నాటి సంచిక ముఖచిత్రం. విల్లీ గిల్లిస్ అనే కుర్ర సిపాయి సొంత మంచం మీద ఒళ్లెరగకుండా నిద్రపోతుంటాడు. సెలవు మీద వచ్చాడు, మళ్లీ వెళ్లాలి. ఆ తర్వాత ఎనిమిది రోజులకే అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది, అమెరికా యుద్ధంలోకి దిగింది.

రెండవది 1945 మే 26 నాటిది. సిపాయి వీపు మనవైపు ఉంటుంది, ముఖం కనబడదు. ఎదురుగా పాత ఇటుకల ఇల్లు, చేతులు చాచిన తల్లి, చెట్టెక్కిన పిల్లలు. గోడ వారగా ఒక అమ్మాయి, పిలిచేదాకా ముందుకు రానన్నట్టు నిలబడి ఉంటుంది. నాకు ఈ బొమ్మలో ప్రాణం ఆ అమ్మాయే.

ఈ తేడాకు తెలుగులో చక్కటి సాధనం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జవాన్లు మన విశాఖ స్టేషన్‌లో దిగుతుంటారు. పేరు, నంబరు తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకు పెట్టె చూడగానే ఊళ్లో పెద్దలు అడిగేది ఇదే: “సెలవు మీద వచ్చావా, వచ్చేశావా?” ‘వేయు’ చేరగానే పని పూర్తయింది, ఇక తిరుగు ప్రయాణం లేదు. అందుకని మొదటి బొమ్మకు ‘సెలవు మీద వచ్చాడు’, రెండవదానికి ‘వచ్చేశాడు’.

మరొక సభ్యులు: రెండవదాని మీద నాకు అభ్యంతరం ఉంది. 1945 మే నాటికి ఐరోపాలోనే యుద్ధం ముగిసింది. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద బాంబులు వేసిన జపాన్ ఇంకా లొంగలేదు. ఐరోపా నుంచి వచ్చిన వారిలో కొందరిని ఇంటి దగ్గర కొన్నాళ్లుండనిచ్చి పసిఫిక్ వైపు పంపాలన్నది అప్పటి ఏర్పాటు. ఈ కుర్రవాడు వచ్చేశాడని ఎలా అంటాం?

జవాబు: చరిత్ర ప్రకారం మీరన్నది నిజం, కానీ ఆ తల్లి చాచిన చేతులు చూడండి. ఆమె దృష్టిలో కొడుకు వచ్చేశాడు. వ్యాఖ్య ఆమె మాటగా రాయండి: ‘మా అబ్బాయి వచ్చేశాడు!’ సంచిక తేదీ పక్కనే వేయండి. వీలైతే 1945 అక్టోబరు 13 నాటి ముఖచిత్రం కూడా చేర్చండి. మెరైన్ సిపాయి చేతిలో జపాన్ జెండాతో గ్యారేజీలో కూర్చొని ఉంటాడు, చుట్టూ ఊరివాళ్లు. అప్పటికి జపాన్ కూడా లొంగింది కాబట్టి అక్కడ ‘వచ్చేశాడు’ అనడానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు.