కళ్లు తిరుగుడు మాత్రలు నెలల తరబడి వాడాలా, ఆపి వ్యాయామం చేయాలా?

రేపల్లె కోడలు:
మూడు నెలల కింద, జలుబు జ్వరం తగ్గిన వారానికి, పొద్దున్నే మంచం మీంచి లేవబోతే ఇల్లంతా గిర్రున తిరిగింది. మూడు రోజులు వాంతులు. వినికిడి బాగానే ఉంది. లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్లే బ్యాలెన్స్ నరం వాచిందనీ, వైరస్ వల్లే అయ్యుంటుందనీ చెప్పారు. వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అట. అప్పటి నుంచీ సినరిజిన్ వేసుకుంటూనే ఉన్నాను. తిరగడం ఆగింది కానీ, తలంటుకునేటప్పుడు కళ్లు మూస్తే ఎడమకి ఒరిగిపోతున్నాను. మాత్ర ఆపాలంటే టెన్షన్. మా ఇంట్లో ఆపొద్దంటున్నారు.

కృష్ణ ఒడ్డు:
అక్కా, డాక్టర్‌ని అడిగి ఆపేయడమే మంచిదంటాను. ఆ నరం పూర్తిగా కోలుకోకపోయినా రెండో చెవి, కళ్లు, పాదాలు చెప్పేదాన్ని బట్టి మెదడు సర్దుకుంటుంది. ఎక్కడ తేడా వస్తోందో దానికి తెలిస్తేనే కదా సర్దుకునేది! ఈ మాత్రలు ఆ తేడానే తెలియనివ్వవు. వాంతులున్న మొదటి రెండు మూడు రోజులకే అవి. 1940లలోనే ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే డాక్టర్లు దీనికి వ్యాయామాలు తయారుచేశారు. గోడ మీది క్యాలెండర్‌లో ఒక అంకె మీద చూపు నిలిపి, తల కుడికీ ఎడమకీ తిప్పండి. నాకు తగ్గింది దీంతోనే.

పాత నల్గొండ:
అందరికీ ఒకే మాట చెప్పకండి. నాకూ మొదట వైరస్సే అన్నారు, వ్యాయామం చేయమన్నారు. చేస్తూ కూర్చున్నాను. ఈలోగా కళ్లు ఎర్రబడ్డాయి, ఒక చెవి తర్వాత ఇంకొకటి వినపడడం తగ్గింది. చివరికి అది కోగన్ సిండ్రోమ్ అని తేలింది. ఒంట్లోని రోగనిరోధక శక్తే చెవి మీదా కంటి మీదా దాడి చేస్తుంది. స్టెరాయిడ్ మొదలయ్యేసరికి రెండు నెలలు గడిచిపోయాయి. పోయిన వినికిడి తిరిగి రాలేదు.

కృష్ణ ఒడ్డు:
మీ బాధ అర్థమైందండీ. వినికిడి తగ్గినా, కళ్లు ఎర్రబడినా ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఒప్పుకుంటాను. అక్కకి ఆ రెండూ లేవు. న్యూరైటిస్‌కి స్టెరాయిడ్ సంగతి వేరే తగువు. 2004లో జర్మనీలో 141 మందిని పరీక్షిస్తే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తో నరం బాగా కోలుకుంది, వైరస్ మందుతో లాభం లేకపోయింది. అది కూడా మొదటి మూడు రోజుల్లో మొదలుపెట్టినవాళ్లకి. 2011లో, జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష మాత్రం ఆధారాలు చాలవంది. మూడు నెలలు దాటాక అక్కకి ఆ ప్రశ్నే లేదు.

రేపల్లె కోడలు:
డాక్టర్‌ని రేపు అడుగుతాను. ఇప్పుడే క్యాలెండర్ ముందు నిలబడి చూశాను. పది లెక్కపెట్టేలోగా అంకె అలుక్కుపోయింది.

కృష్ణ ఒడ్డు:
కుర్చీలో కూర్చుని చేయండి అక్కా. అంకె స్పష్టంగా కనపడేంత నెమ్మదిగా తిప్పండి చాలు. స్నానాల గదిలో ఒక స్టూల్ వేసుకోండి.