అప్‌డేట్: బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చోకుండానే కొత్త సిలబస్ సర్క్యులర్

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో పాఠాలు చెప్తున్నాను. బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సబ్జెక్టు సిలబస్ తయారుచేసే అధ్యాపకుల కమిటీ) కూర్చోకుండానే కొత్త సిలబస్ సర్క్యులర్ వచ్చిందని, ఏం చేయాలని జూన్‌లో అడిగాను గుర్తుందా? మీలో ఒకరు చెప్పినట్టే పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, మీటింగ్ మినిట్స్ కావాలని ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేశాను. 30 రోజుల గడువు, సరిగ్గా 29వ రోజు జవాబు: "సమావేశం జరగలేదు." రెండే మాటలు, కింద గుండ్రటి స్టాంపు, అదీ సగమే పడింది!

ఆ కాగితం జిరాక్స్ తీసి డీన్ గారికిచ్చాను. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నేరుగా అడిగితే సరిపోయేది కదమ్మా" అన్నారు. మూడుసార్లు అడిగాను సార్ అనబోయి ఊరుకున్నాను. రాష్ట్ర యూనివర్సిటీల 1991 చట్టం కిందే నడిచే యూనివర్సిటీ మాది, సిలబస్ ముందు బోర్డులో తేలి, తర్వాత చదువుల విషయాలు చూసే పై సభ అకడమిక్ సెనేట్‌కి వెళ్లాలి. ప్రస్తుతానికి సర్క్యులర్ ఆపారు, బోర్డు మీటింగ్ వచ్చే సోమవారం. టెన్షన్ మాత్రం తగ్గలేదు, నా ప్రమోషన్ ఫైలు కూడా అదే టేబుల్ మీదుంది.