ఈ వారం సమస్య: నాల్గు పన్నెండు నోడించె నవ్వుకొనుచు

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి. లెక్క తప్పిన పాదం ఇచ్చానని తిట్టుకోకండి. పటం మీద సైన్యాలు పెట్టి, పాచికలు వేసి ప్రాంతాలు గెలుచుకునే రిస్క్ ఆట ఉంది కదా, దాని అట్ట ముందేసుకుని చూడండి. 1957లో ఫ్రాన్సులో మొదట వచ్చిన ఆ ఆటలో 42 ప్రాంతాలు, 6 ఖండాలు. ఈ పాదం ఆ పటంలోనే ఎక్కడో దాక్కుంది. పూరణతో పాటు పటం మీద విమర్శ కూడా కావాలి, ఉత్త పొగడ్త వద్దు.

పగడపుదీవి:

ఒక్క గుమ్మమే కాపుండి యోర్మితోడ
నెదిగె నాస్ట్రేలియా, దాని యెదుట నాసి
యాకు గుమ్మము లైదాయె; నలసిపోయె;
నాల్గు పన్నెండు నోడించె నవ్వుకొనుచు!

నిర్వాహకుడు: భేష్. ‘ఆసి–యాకు’ అని పాదం చివర మాట విరిగిందే, అది మరీ నచ్చింది. ఆ ఖండం ఎలాగూ ముక్కలయ్యేదే కదా! ఆస్ట్రేలియాలో ప్రాంతాలు 4, లోపలికి దారి సయాం–ఇండోనేషియా ఒక్కటే. ఆసియాలో 12. దాన్ని నిలబెట్టుకోవాలంటే కంచట్కా, ఉరల్, అఫ్గానిస్తాన్, మధ్యప్రాచ్యం, సయాం, అయిదూ కాయాలి. ఖండమంతా చేతిలో ఉంటే వంతువంతుకూ వచ్చే 7 సైన్యాల బోనస్ చూసి నోరూరుతుంది కానీ, అది నా చేతికొచ్చిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆస్ట్రేలియావాడు మాత్రం కనీస సైన్యం 3, బోనస్ 2 కలిపి వంతుకు 5 తీసుకుంటూ కదలకుండా కూర్చుంటాడు. పటం గీసేవాళ్ళు ముందు గుమ్మాలు లెక్కపెట్టి, ఆ తర్వాత బోనస్ రాయాలి.

పాచికలపిచ్చి: నాది వేరే దారి.

సమము పడినచో కాపరి జయమె గాన
కోటగుమ్మాన నలుగురు కూడి నిలిచి
పాచికల పోరు గెలిచిరి భటులు తామె;
నాల్గు పన్నెండు నోడించె నవ్వుకొనుచు!

నిర్వాహకుడు: ఛందస్సు సరిపోయింది, లెక్కే సరిపోలేదు. సమానం పడితే కాపరిదే గెలుపు, నిజమే. కానీ దాడికి మూడు పాచికలు, కాపుకు రెండు వేసినప్పుడు దాడిచేసేవాడు ఎదుటివాడి సైన్యాలు రెండూ పడగొట్టే అవకాశం సుమారు 37 శాతం, తనవే రెండు పోగొట్టుకునేది 29 శాతం. పన్నెండుమందితో వచ్చినవాడికి నలుగురు ఆనడం అదృష్టం. అది పటం గొప్ప కాదు.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి. పటాన్నే మార్చేశాను.

కడలి దారులు తెరచిన గర్వ మణగు;
తూర్పు తీరాన మరియొక తలుపు పెట్టి
దక్షిణామెరికాతోడ దాని గలుపు;
నాల్గు పన్నెండు నోడించె నవ్వుకొనుచు!

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది, ‘తూ’కి ‘త’ కుదరదు. ‘తలుపు’ తీసి ‘తోవ’ పెట్టండి. అయినా సముద్రానికి తలుపేమిటి! పటం సంగతికొస్తే, తూర్పు ఆస్ట్రేలియాను అర్జెంటీనాతో కలిపితే దెబ్బ ఆస్ట్రేలియా ఒక్కదానికే కాదు. దక్షిణ అమెరికాకూ 4 ప్రాంతాలే, బోనస్ 2. ఇప్పటిదాకా వెనిజులా, బ్రెజిల్ కాస్తే చాలు, ఇకమీదట అర్జెంటీనా కూడా కాయాలి.

పగడపుదీవి: కొత్త దారి ఎందుకండీ, ఆస్ట్రేలియా బోనస్ 1 చేస్తే పోదా?

కొత్తకలం: ‘తోవ’ పెట్టేశాను, ధన్యవాదాలు. నిన్న రాత్రి అట్ట మీద పెన్సిల్‌తో ఆ గీత గీసి ఆడాం. మా బావ దక్షిణ అమెరికా పట్టుకున్నాడు. మూడో వంతు వచ్చేసరికల్లా అర్జెంటీనా మీదుగా వచ్చి బావను ఊడ్చేశాడు. ఎవరనుకున్నారు, ఆస్ట్రేలియావాడే! గీత చెరిపేసి, ఈ ఆదివారం బోనస్ 1 పెట్టి చూస్తాం.