క్యాపిలరీ: కేశనాళికా, లోమనాళమా?

అనువాదం_బెంగళూరు
ఆసుపత్రి కరపత్రం ఒకటి తెలుగులోకి దించుతున్నాను. యంత్రం ‘బ్లడ్ వెసెల్స్’ని ఒకచోట ‘రక్త పాత్రలు’, ఇంకోచోట ‘రక్త ఓడలు’ చేసి పెట్టింది. అవి దిద్దేశాను, క్యాపిలరీ (ఒంట్లోని అతిసన్నని రక్తనాళం) దగ్గర ఆగిపోయాను. అసలు ఆ మాట ఎక్కడిది? కేశనాళిక అంటే చదివేవాళ్ళు జుట్టులో ఉండే నాళం అనుకోరా? పక్కనే ఉన్న కన్నడ ప్రతిలో ‘లోమనాళ’ అని ఉంది, అదేమైనా మెరుగా? చిన్న ధమని ఆర్టీరియోల్‌కి, చిన్న సిర వెన్యూల్‌కి మీరేం వాడుతున్నారు?

పదాలపిచ్చి
ఓడ అన్నందుకు యంత్రాన్ని తిట్టకండి. లాటిన్‌లో వాస్ అంటే పాత్ర. దాని చిన్నరూపం వాస్కెల్లం ఫ్రెంచి మీదుగా వెసెల్ అయింది. కుండ, ఓడ, నాళం మూడూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. వాస్క్యులార్ కూడా ఆ ఇంటిదే.

క్యాపిలరీది కపిల్లుస్, తలవెంట్రుక. ‘వెంట్రుకలాంటిది’ అని అర్థం. ఫ్రెంచివాళ్ళ షెవ్యూ, ఇటలీవాళ్ళ సన్న సేమ్యా కపెల్లీని, జుట్టు రేగినవాణ్ణి ఇంగ్లీషులో అనే ‘డిషెవెల్డ్’ అన్నీ దాని పిల్లలే.

లోమపక్షం
అయితే కన్నడమే సరి. అంత సన్ననిదాన్ని ఒంటిమీది నూగుతో పోల్చాలి గానీ జడతో పోలుస్తారా? కేశం అనగానే సవరం గుర్తొస్తుంది.

పదాలపిచ్చి
మూలం చూడండి సార్. లాటిన్‌లో తలమీదిది కపిల్లుస్, ఒంటిమీదిది పిలుస్. సంస్కృతంలోనూ అదే విభజన: అమరకోశం కేశాన్ని శిరోరుహంతో, లోమాన్ని తనూరుహంతో చేర్చింది. కపిల్లుస్‌కి కేశమే సరిజోడు. లోమనాళ అంటే పిలుస్‌ని అనువదించినట్టు.

లోమపక్షం
కపుట్ అంటే తల, పిలుస్ అంటే వెంట్రుక. రెండూ కలిసే కపిల్లుస్. అంటే లోపల ఉన్నది మీ పిలుసే కదా! మీ వాదన మీకే తగిలింది.

పదాలపిచ్చి
అది పాతకాలపు కల్పన. కపిల్లుస్ పుట్టుక ఇప్పటికీ తేలలేదు. వినడానికి కుదిరినంత మాత్రాన వ్యుత్పత్తి అయిపోదు.

లోమపక్షం
నిఘంటువు పక్కన పెట్టుకుని అందరినీ అదిలించడం మీకు అలవాటైపోయింది.

తెలుగుమాస్టారు_మైలాపూరు
ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి, నన్నడగకుండా కొట్టుకుంటున్నారేమిటి? అమ్మాయి అడిగినదానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. కేశము వంటి నాళిక అని విడదీస్తే ఉపమాన పూర్వపద కర్మధారయం. ‘చిగురుకేలు’ ఎలాగో ఇదీ అలాగే. కేశముల యొక్క నాళిక అంటే షష్ఠీ తత్పురుష, అప్పుడే జుట్టులోకి పోతుంది. రోగికి సమాసం విప్పుకునే ఓపిక ఉండదు కాబట్టి మొదటిసారి ‘వెంట్రుకలా సన్నని రక్తనాళాలు’ అని రాసి, ఆ తర్వాత కేశనాళికలు అనండమ్మా.

ఇక్కడ తమిళ పాఠ్యపుస్తకాల్లో ‘తందుగి’ అంటారు. తంతువు నుంచి వచ్చింది. వాళ్ళకి జుట్టు తగాదాయే లేదు.

ల్యాబ్_జయనగర్
వెంట్రుకలా అనడమే తప్పు మాస్టారూ. తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కేశనాళిక 5 నుంచి 10. వెంట్రుకని నిలువునా పదో వంతుకి చీలిస్తే దొరికే సన్నం అది. ఎర్ర రక్తకణం సుమారు 7.5 మైక్రాన్లు, అందుకే ఒకదాని వెనక ఒకటి, కొన్నిచోట్ల మడతపడి మరీ దూరుతాయి.

మేం ల్యాబ్‌లో క్యాపిలరీ అని పిలిచే గాజుగొట్టం సంగతి ఇంకా అన్యాయం. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) కొలిచే గొట్టం పొడవు 75 మిల్లీమీటర్లు, లోపలి బోలు ఇంచుమించు 1.1 మిల్లీమీటరు. అసలు కేశనాళికకి వంద రెట్లు పైనే!

పదాలపిచ్చి
పేరు పెట్టినవాళ్ళ దగ్గర మైక్రాన్ల లెక్క లేదు కదా. 1628లో హార్వే రక్తప్రసరణ గురించి రాసినప్పుడు ధమనికీ సిరకీ మధ్య దారి ఆయనకి కనపడనే లేదు. 1661లో మాల్పీగి కప్ప ఊపిరితిత్తిలో చూపించాడు. అప్పటికి హార్వే పోయి నాలుగేళ్ళు.

వత్తి_సెగ
దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టే కేశనాళికల్లో రక్తం దానంతటదే పాకుతుంది. పేరు అందుకే వచ్చింది. ఇంత చిన్న విషయానికి లాటిన్ ఎందుకు?

భౌతికం_తాంబరం
పూర్తిగా తప్పు, ఇది కరపత్రంలోకి ఎక్కనివ్వకండి. కేశనాళికీయతకి (సన్నగొట్టంలో ద్రవం దానంతటదే పాకడానికి) ద్రవం, గాలి కలిసే ఉపరితలం ఉండాలి. రక్తనాళంలో గాలి ఎక్కడుంది? అక్కడ రక్తాన్ని నెట్టేది గుండె ఒత్తిడి. ధమని వైపు సుమారు 35 మిల్లీమీటర్ల పాదరసం, సిర వైపు 15 దాకా.

గాజుగొట్టంలో మాత్రం మీరన్నది నిజం. అర మిల్లీమీటరు వ్యాసార్థం ఉంటే నీళ్ళు 3 సెంటీమీటర్లు ఎక్కుతాయి, పావు మిల్లీమీటరైతే 6. ప్రయోగంలో తక్కువ వచ్చిందంటే ముందు గొట్టాన్నే అనుమానించండి. వేలి జిడ్డు అంటితే స్పర్శకోణం (నీరు గాజుని తాకే కోణం) పెరిగి ఎత్తు పడిపోతుంది. కాస్టిక్ సోడా, సజల నత్రికామ్లం, స్వేదనజలం వరసగా పోసి కడగాలి. బీకరు ఒకసారి పైకెత్తి దించి లోపలి గోడ తడిపాకే కొలత తియ్యాలి.

వత్తి_సెగ
మరి అంత పెద్ద చెట్టుకి నీళ్ళెలా ఎక్కుతున్నాయట?

భౌతికం_తాంబరం
చెట్టులో నీళ్ళు మోసే దారువు నాళం వ్యాసార్థం 20 మైక్రాన్లు వేసుకుని మీరే లెక్క కట్టండి. 75 సెంటీమీటర్లు కూడా రాదు. కొబ్బరిచెట్టుకి ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూ కిందినుంచి లాగాలి.

వత్తి_సెగ
సరే, వత్తి వరకే ఉంచుకుంటాను. అరవక్కర్లేదు.

కొత్త_టెక్నీషియన్
జయనగర్ గారూ, హెమటోక్రిట్ గొట్టాల్లో ఎర్రగీతవి, నీలిగీతవి రెండూ ఉన్నాయి. ఏదైనా పర్లేదా? సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిరా తిప్పే యంత్రం) తిప్పాక ఒక్కోసారి గొట్టం ఖాళీగా వస్తోంది.

ల్యాబ్_జయనగర్
పర్లేదు కాదు. ఎర్రగీతలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్ పూత ఉంటుంది, వేలు గుచ్చి నేరుగా తీసే రక్తానికి అది. నీలిగీత పూత లేనిది, గడ్డకట్టకుండా ముందే ఈడీటీఏ కలిపిన రక్తానికి. వేలి రక్తం నీలిదాంట్లో పడితే గడ్డ కడుతుంది.

మొదటి బొట్టు తుడిచెయ్యండి. వేలు పిండకండి, కణజాల ద్రవం కలిసి విలువ తగ్గుతుంది. ముప్పావు వంతు నిండాక బయట అంటింది తుడిచి, పొడి కొసని సీలింగ్ మైనంలో గుచ్చండి. మూసిన కొస బయటి అంచు రబ్బరుకి ఆనాలి, తెరిచింది మధ్యకి. తిరగేస్తే రక్తమంతా బయటికి చిమ్ముతుంది, మీ ఖాళీ గొట్టం కథ అదే అయ్యుండాలి. మైనం పల్చగా పడ్డా కారిపోతుంది. ఎదురుగా ఇంకో గొట్టం పెట్టి 5 నిమిషాలు తిప్పండి. చదివేటప్పుడు మధ్యలోని తెల్లపొరని ఎర్రకణాల్లో కలపొద్దు.

లోమపక్షం
ఈ గొట్టాన్ని కూడా కేశనాళిక అంటారా మాస్టారూ? 1.1 మిల్లీమీటరుకి జడనాళిక అనాలి.

తెలుగుమాస్టారు_మైలాపూరు
నీకు జడ తప్ప ఏమీ కనపడదురా బాబూ.

అనువాదం_బెంగళూరు
మాస్టారు చెప్పినట్టే రాశాను. ‘క్యాపిలరీ రీఫిల్’ దగ్గర మాట పెట్టకుండా పనే చెప్పేశాను: ‘చేతిని గుండె ఎత్తులో ఉంచి గోరుని 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటికి 2 సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి.’ చలికి వేళ్ళు చల్లబడి ఉంటే ఆలస్యమవుతుందని కూడా కలిపాను. ఆర్టీరియోల్, వెన్యూల్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

పదాలపిచ్చి
ధమనిక, సిరిక. అందులో తగాదా ఏముందని ముట్టుకుంటాం?