డీబీఎస్ తర్వాత నాన్నగారి మాట ముద్దగా వస్తోంది

మా నాన్నగారికి 64 ఏళ్లు, పార్కిన్సన్స్. నిరుడు బెంగళూరులో డీబీఎస్ (మెదడులో సన్నని తీగలు పెట్టి కరెంటు ఇచ్చే చికిత్స) చేయించాం, రెండు వైపులా సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే మెదడు లోపలి చిన్న భాగంలో. వణుకు బాగా తగ్గింది. కాఫీ గ్లాసు ఒలక్కుండా పట్టుకుంటున్నారు, అదే మాకు పెద్ద వరం. కానీ మెదడు ఎడమవైపు కరెంటు 2.4 నుంచి 3.1 మిల్లీ ఆంపియర్లకు పెంచిన దగ్గర్నుంచి మాట ముద్దగా వస్తోంది. ఫోన్లో అయితే "మందు వేసుకున్నానమ్మా" అన్నా అర్థం కావట్లేదు. పార్కిన్సన్స్ మందు సిండోపా పనిచేస్తున్న వేళా, దిగిపోయిన వేళా ఒకేలా ఉంది కాబట్టి మందు వల్ల కాదనుకుంటున్నాను.

ఇప్పుడు పల్స్ విడ్త్ (ఒక్కో కరెంటు పల్స్ ఉండే సమయం) 60 మైక్రోసెకన్లు, ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని పల్స్‌లు) 130 హెర్ట్జ్. కరెంటు 2.6కి దించితే మాట తేరుకుంటుంది, కాసేపటికే కుడిచేయి వణుకు మొదలు. ఫ్రీక్వెన్సీ 80కి తగ్గిస్తే వణుకు ఆగలేదు. స్పీచ్ థెరపీతో గొంతు పెరిగింది గానీ స్పష్టత రాలేదు. కరెంటు పక్కనున్న ఇంటర్నల్ క్యాప్సూల్ (మెదడు నుంచి కండరాలకు ఆదేశాలు వెళ్లే దారి) నరాలకు పాకుతోందేమోనని డాక్టరుగారు అంటున్నారు. నాన్నగారికి పెట్టింది డైరెక్షనల్ లీడే, అంటే కరెంటును కావలసిన పక్కకు మళ్లించగల తీగ.

పల్స్ విడ్త్ 30కి తగ్గించడం, లేదా కరెంటును ఒక పక్కకు మళ్లించడం, వీటిలో దేనితోనైనా వణుకు తిరగబెట్టకుండా మీ ఇంట్లోవాళ్ల మాట తేటపడిందా?