సాహిత్యం, సైన్స్, మనస్తత్వశాస్త్రం: విద్యార్థికి ఒంటబట్టేది ఏమిటి?

ప్రశ్న: ఈ మూడూ చదివే పిల్లలకు మార్కులు కాక ఏం మిగులుతుందండీ? ఎలా చదివిస్తే నిలుస్తుంది?

జవాబు 1: సైన్స్ నేర్పేది, తన కొలతలో తప్పెంతో తానే చెప్పగలగడం. లోలకం (దారానికి వేలాడే గుండు) ఒక్క డోలనాన్ని, అంటే ఒకసారి అటు ఊగి తిరిగి రావడాన్ని, స్టాప్‌వాచ్‌తో కొలిస్తే చేతి ఆలస్యం వల్ల 0.2 సెకన్ల తేడా రావచ్చు. 20 డోలనాలు కొలిచి 20తో భాగిస్తే అదే తేడా 0.01కి దిగుతుంది. పొడవు నాలుగు రెట్లు చేస్తే డోలన కాలం రెట్టింపవ్వాలి. కాలేదంటే దారాన్ని మాత్రమే కొలిచారేమో చూడండి, గుండు మధ్య వరకు కొలవాలి. ఊపు 10 డిగ్రీలు దాటనివ్వకండి.

జవాబు 2: మనస్తత్వశాస్త్రంలో, మనిషి ప్రవర్తన దగ్గర తొందరపడి తేల్చేయడమే పెద్ద చిక్కు. 1950లలో మనస్తత్వవేత్త సోలమన్ యాష్ చేసిన గీతల ప్రయోగంలో (ఏ గీత నమూనా గీతంత పొడవుందో గుంపులో చెప్పాలి), తోటివాళ్లు కావాలని తప్పు చెప్పినప్పుడు సుమారు మూడోవంతు జవాబులు గుంపు వైపు మొగ్గాయి. పిల్లలు ఇంతే రాసి ఆపేస్తారు. దాదాపు నాలుగోవంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. ఒక్కరు సరైన జవాబు చెప్పినా లొంగుబాటు బాగా తగ్గింది. నా దృష్టిలో అసలు పాఠం ఇదే.

జవాబు 3: సాహిత్యంలో సారాంశంతో ఆపకండి. పేజీ రెండోసారి చదివించి, ఎవరి కళ్లతో చెబుతున్నారో, ఆ మనిషికి తెలియనిదేమిటో గీత గీయించండి. ప్రతి అభిప్రాయానికీ ఆధారంగా ఒక వాక్యం చూపించమనండి.