ఉద్యోగానికి తిరిగి వెళ్లే నాన్న: సగంలో ఉన్న ఇంటి పనులు ముగించి చేరాలా, వదిలేసి చేరాలా?

గోడమీదపిల్లి:
పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయింది నేను, మా ఆవిడ కాదు. ఇప్పుడు చిన్నది కూడా బడికి వెళ్తోంది. నాకో ఆఫర్ వచ్చింది, వచ్చే నెల ఒకటో తారీఖున చేరమంటున్నారు. చిక్కేమిటంటే, ఇంట్లోనే ఉన్నాను కదా అన్న ధైర్యంతో మొదలెట్టిన పనులు మూడు సగంలో ఉన్నాయి. బాత్రూంలో పాత టైల్స్ పీకేసి వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ దాకా వచ్చాను. పిల్లల గదిలో అల్మారా ఫ్రేమ్ నిలబెట్టాను, తలుపులు లేవు. హాలు గోడలకి పుట్టీ పెట్టి వదిలేశాను. "నెలన్నర గడువు అడుగు, అన్నీ ముగించుకుని చేరు, చేరాక నీవల్ల కాదు" అని ఆవిడ. "ఇల్లు ఎక్కడికీ పోదు, ఉద్యోగమే పోతుంది" అని మా తమ్ముడు. ఎవరిది రైటంటారు? మేస్త్రీకి ఇచ్చెయ్ అనేవాళ్లు ఊరికే అనకుండా ఎందుకో కూడా చెప్పండి.

నిక్కచ్చి:
ఇందులో ఆలోచించడానికి ఏముంది? చేరిపోండి. గ్యాప్ ఉన్నవాళ్లని కంపెనీలు ఎలా చూస్తాయో మీకు తెలిసినట్టు లేదు. కేథరిన్ వైస్‌షార్ అనే సోషియాలజిస్టు అమెరికాలో కల్పిత రెజ్యూమెలు తయారుచేసి కంపెనీలకి పంపి చూసింది. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అభ్యర్థుల అర్హతలు ఒకటే. ఒకరు ఉద్యోగంలో ఉన్నారు, ఒకరికి ఉద్యోగం పోయింది, ఒకరు పిల్లల కోసం ఇంట్లో ఉన్నారు. తండ్రుల సంగతి చూస్తే, ఉద్యోగంలో ఉన్నవాళ్లకి 14.6 శాతం, పోగొట్టుకున్నవాళ్లకి 8.8 శాతం, ఇంట్లో ఉన్నవాళ్లకి 5.4 శాతం పిలుపులు వచ్చాయి. తల్లులదీ ఇంచుమించు అదే వరస. అంటే పని పోగొట్టుకున్నవాడి మీద కన్నా పిల్లల్ని పెంచినవాడి మీదే కంపెనీకి అనుమానం ఎక్కువ. అంతా దాటుకుని ఆఫర్ వస్తే, టైల్స్ కోసం ఆగమని అడుగుతారా?

ఎదురుగాలి:
నిక్కచ్చి గారూ, లెక్క బాగుంది గానీ ఈయనకి అతకదు. అది ఇంటర్వ్యూకి పిలుస్తారా లేదా అన్న లెక్క. ఈయన ఆ గడప దాటేశాడు. ఆఫర్ చేతికొచ్చాక, చేరేలోపు ఉన్న కాస్త వ్యవధిలోనే ఏదైనా బేరమాడగలిగేది. చేరాక ప్రొబేషన్‌లో ఒక పూట సెలవు అడగడానికి కూడా నోరు రాదు. ఇంకో కంపెనీలో ఉన్నవాడు నోటీసు పీరియడ్ అని నెలల తరబడి ఆపితే ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో ఉన్నవాడు అడిగితే మాత్రం "నీకేం పనయ్యా" అంటారు. ఆ ధోరణికి మీరెందుకు తలొగ్గాలి? నెలన్నర అడగండి.

పాతమేస్త్రి:
మూడింటినీ ఒకే గాటన కట్టొద్దు తమ్ముడూ. ఏ పని ఎక్కడ ఆపొచ్చో చూడాలి. అల్మారా ఫ్రేమ్ ఏడాది అలాగే ఉన్నా దానికొచ్చే నష్టం లేదు. కాకపోతే గోడకి గట్టిగా బిగించారో లేదో ఈ రోజే చూసుకోండి. పిల్లలు అరలు పట్టుకుని పైకెక్కుతారు, బిగించని ఫ్రేమ్ వాళ్ల మీద పడుతుంది. గోడకి డ్రిల్ చేసి, ప్లగ్గులు దించి, పైన రెండు క్లాంపులు వేస్తే సరి. హాలు పుట్టీ కూడా ఆగుతుంది గానీ అలాగే వదిలితే చెయ్యి తగిలిన చోటల్లా మరక పడుతుంది. రుద్ది ఒక కోటు ప్రైమర్ కొట్టేస్తే రంగు తీరిగ్గా వేసుకోవచ్చు.

బాత్రూం అలా కాదు. కోటింగ్ మీద రోజూ నడుస్తూ, బకెట్లు ఈడుస్తూ ఉంటే ఎక్కడో చిరుగుతుంది, కంటికి కనపడదు. దాని మీదే టైల్స్ వేసేస్తారు. కింది ఇంటి సీలింగ్ తడిసినప్పుడు గానీ బయటపడదు. కోటింగ్ ఆరడానికి డబ్బా మీద రాసిన గడువు పూర్తిగా ఇవ్వండి. తర్వాత నీళ్లు పోయే కంతకి గట్టిగా గుడ్డ కుక్కి, నీళ్లు కట్టి, గోడ మీద పెన్సిల్‌తో మట్టం గీసి, తక్కువలో తక్కువ 24 గంటలు వదలండి. ఆవిరైపోయేది వెంట్రుకవాసి, అంతకు మించి దిగితే లీకున్నట్టే. ఆ పరీక్ష అయ్యాకే టైల్స్. అవి అతుక్కోడానికి ఇంకో రోజు, ఆ తర్వాతే సందుల్లో గ్రౌట్. ఇందులో చేతిపని కన్నా ఎదురుచూపే ఎక్కువ. ఆఫీసు నుంచొచ్చి రోజుకో గంట చేసుకునే పని కాదు, అలాగని నెలన్నర పనీ కాదు.

తీరికవేళ:
మగాడు ఇంట్లో కూర్చుంటే వచ్చే తంటాలివన్నీ. సృష్టి విరుద్ధం.

నిక్కచ్చి:
స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవుని తల్లిదండ్రులిద్దరికీ చెందే సెలవుగా మార్చింది. యాభై ఏళ్లు దాటింది, సృష్టి బాగానే నడుస్తోంది. అసలు విషయంలోకి రండి.

వాకిలి:
అందరూ టైల్స్ దగ్గరే ఆగిపోయారు. మా ఆయనా కొన్నేళ్లు ఇంట్లో ఉండి తిరిగి ఉద్యోగానికి వెళ్లారు. రంగు వేయని గోడ మమ్మల్ని ఏమీ చేయలేదు. ఇబ్బంది పెట్టింది బడి నుంచి వచ్చే ఫోన్. పిల్లాడికి జ్వరమొస్తే వాళ్లు చేసే మొదటి నంబరు ఆయనదే. టీకాల కార్డు ఏ సొరుగులో ఉందో, ఎవరి బూట్లు బిగుతయ్యాయో, పిలిస్తే ఏ ప్లంబరు వస్తాడో అన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. పాపం మీటింగులో కూర్చుని నాకు ఒక్కొక్కటే టైపు చేసేవారు.

2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ కూడా ఇలాంటి మాటే చెబుతుంది. ఎక్కువ గంటలు, వేళకాని వేళ పిలిచినా పలికే ఉద్యోగానికి జీతం గంటల లెక్కని మించి పెరుగుతుంది. అందుకని జంటలో ఒకరు దాన్ని పట్టుకుంటారు, రెండోవారు ఇంటి పిలుపులకి పలుకుతారు. ఆమె రాసింది ఎక్కువగా ఆడవాళ్ల గురించి. మీ ఇంట్లో ఆ రెండోవారు మీరు. ఉద్యోగంలో చేరాక కూడా ఆ మూడు పనులూ మీవేనని ఇద్దరూ ముందే ఒప్పేసుకున్నట్టుంది. ఆవిడ ఒక శనివారం కూర్చుని గ్రౌట్ పెట్టలేరా?

మధ్యాహ్నం:
నెలన్నర అన్న లెక్క ఎవరు వేశారండీ? పని మొదలెట్టినప్పుడు బాత్రూంకి ఎన్నాళ్లనుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కానేమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో రాసింది దీని గురించే. మనిషి తన పనికి గడువు వేసేటప్పుడు, అలాంటి పనులకి ఇంతకుముందు నిజంగా ఎంత పట్టిందో చూడడు, చేతిలో ఉన్నదాన్నే చూసి అంతా సవ్యంగా సాగుతుందని లెక్కేస్తాడు. నెలన్నర తర్వాత మళ్లీ ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు, అప్పుడు ఆఫర్ ఉండదు.

ఎదురుగాలి:
ఒప్పుకోను. గడువు దాటుతుందని తెలిస్తే పని తగ్గించుకోవాలి, అంతేగానీ అసలు అడగొద్దంటే ఎలా? పాతమేస్త్రి గారన్నట్టు ఆగనిది బాత్రూం ఒక్కటే. దానికెంత కావాలో అంతే అడగండి.

మధ్యాహ్నం:
ఇందాక నెలన్నర అన్నది మీరే కదా. సరే, ఇది నయం.

గోడమీదపిల్లి:
అందరికీ థాంక్స్. ముందు ఫ్రేమ్ చూశాను, కింద రెండు స్క్రూల మీదే నిలబడి ఉంది. పైన క్లాంపులు వేసేశాను. హెచ్చార్‌తో మాట్లాడితే రెండు వారాలిచ్చారు, ఎందుకని కూడా అడగలేదు. ఆ రెండు వారాలూ బాత్రూంకే. నీళ్ల పరీక్ష నేను చేసి, టైల్స్ మేస్త్రీకి ఇద్దామనుకుంటున్నాం. హాలుకి ప్రైమర్ కొట్టి ఆపేస్తాను. అల్మారా తలుపుల దగ్గర మాత్రం ఇంకా తెగలేదు. రెడీమేడ్‌వి తెచ్చి బిగించెయ్ అని ఆవిడ, చెక్క కోసి పెట్టుకున్నాను కదా అని నేను.

వాకిలి గారూ, బడి ఫోన్ సంగతి ఎత్తాను. "వారంలో రెండు రోజులు నాకు చెయ్యమను" అంది. బడివాళ్లేమో మొదటి నంబరు ఒక్కటే ఉండాలంటున్నారు.

వాకిలి:
అయితే ఆవిడది రాయించండి. మీరు కొత్తగా చేరుతున్నారు, ఆవిడ తన ఆఫీసులో పాతకాపు, మధ్యలో లేచి వచ్చినా అడిగేవాళ్లుండరు. మీ ప్రొబేషన్ అయ్యాక మార్చుకోవచ్చు. టీకాల కార్డు ఎక్కడుందో కూడా ఈలోపే చూపించండి.

పాతమేస్త్రి:
తమ్ముడూ, ఇంకొక్కటి. టైల్స్ పరిచాక, గ్రౌట్ పెట్టకముందే, వాలు కంత వైపు ఉందో లేదో మగ్గుడు నీళ్లు పోసి చూడాలి. అప్పుడు ఇంట్లో మీరో, ఆవిడో ఉండి తీరాలి. మేస్త్రీ సరిగ్గా మీ రెండు వారాల్లోనే వస్తాడని నమ్మకం పెట్టుకోకండి. నా సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా. ఆ రోజుకి ఎవరు సెలవు పెడతారో ఇప్పుడే మాట్లాడుకోండి.